గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క: అలవాటు మాన్పించే ముందు జాగ్రత్తలు

- షెల్టర్ నుంచి వచ్చిన కుక్కను ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. పంటినొప్పి, కడుపులో పురుగులు ఉన్నా తిండి దగ్గర చిరాకు పెరుగుతుంది. రేబిస్ టీకా కార్డు కూడా చూసుకోండి.

- బెంగళూరు మారతహళ్లిలాంటి చోట్ల చిన్న ఫ్లాట్లలో వంటగది, హాలు దాదాపు ఒకటే. అయినా గిన్నెకు నడక దారిలో కాకుండా ఓ మూల చూడండి. బాల్కనీ అయితే మరీ మంచిది. తినేటప్పుడు పిల్లలు అటు వెళ్లకూడదు. బేబీ గేటు పెడితే మీకే టెన్షన్ తగ్గుతుంది.

- గుర్రుమన్నందుకు కొట్టకండి, అరవకండి. అది హెచ్చరిక. దాన్ని అణిచేస్తే రేపు చప్పుడు లేకుండానే కరుస్తుంది. నిజానికి గుర్రుకన్నా ముందే తెలుస్తుంది: ఒళ్లు బిగుసుకుంటుంది, తల గిన్నెలోనే ఉంటుంది, కనుగుడ్డు మాత్రం మీ వైపు తిరిగి తెల్లగుడ్డు కనిపిస్తుంది, గబగబా మింగుతుంది. అక్కడే ఆగిపోండి.

- "యజమాని ఎవరో తెలియాలి" అంటూ గిన్నెలో చెయ్యి పెట్టమనే సలహాలు పక్కింటి అంకుల్ దగ్గరే ఉండనివ్వండి.

- ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్ ముక్కలు సిద్ధంగా ఉంచుకోండి. కుక్క బిగుసుకోనంత దూరం నుంచి ఒక ముక్క విసిరి వెనక్కి వచ్చేయాలి. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుందని దానికి అర్థం కావాలి. దగ్గరికి జరగడం రోజుల మీద, వారాల మీద.

- ఊరి నుంచి చుట్టాలు దిగే వారం మొదలుపెట్టకండి.

- పంటిగాటు పడితే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఇంతకుముందే కరిచిన కుక్కయితే, కొట్టకుండా నేర్పే ట్రైనర్‌ను మొదట్లోనే పిలవండి.