నల్లా నీళ్ళలో అసమానతను పరిశోధించడం ఎలా: హైదరాబాద్ బస్తీల్లో క్షేత్ర అధ్యయనం చేయదలచిన విద్యార్థులకు

పర్యావరణం, మౌలిక సదుపాయాలు, సామాజిక అసమానత ఈ మూడింటినీ కలిపి పరిశోధించాలని వచ్చే విద్యార్థుల్లో చాలామంది మొదట్లోనే విషయాన్ని మోయలేనంత పెద్దది చేసుకుంటారు. "మహానగర విస్తరణ, పర్యావరణ న్యాయం" వంటి శీర్షికతో సినాప్సిస్ ఆమోదం పొందడం తేలికే గాని, ఏడాది తిరిగేసరికి దేన్ని కొలవాలో, ఎవరిని అడగాలో తేలక ఇబ్బంది పడవలసి వస్తుంది. అందువల్ల ఈ మూడూ ఒకేచోట కలిసే వస్తువును ఒకదాన్ని పట్టుకుని అక్కడి నుంచి బయలుదేరమని నా సలహా. హైదరాబాద్‌లో అలాంటి వస్తువు నల్లా. దాని వెనుక ఒక నది, ఒక పైపు, ఆ పైపు ఎవరి గుమ్మం దాకా రావాలో నిర్ణయించిన చరిత్ర ఉన్నాయి.

పరిశోధన ప్రశ్నను "ఈ ఇంటికి నల్లా ఉందా" అని పెట్టుకుంటే జవాబు చాలాచోట్ల "ఉంది" అనే వస్తుంది, అసమానత మాయమైపోతుంది. నీళ్ళు ఏ వేళకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, ఎంత ప్రెషర్‌తో వస్తాయి, తాగడానికి పనికొస్తాయా, వాటిని పట్టడానికి ఎవరు ఎంత కాలం వెచ్చిస్తున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. 2011 జనగణన తాగునీటి ప్రధాన వనరు ఏదో, అది ఇంటి ఆవరణలో ఉందో, పట్టణాల్లోనైతే 100 మీటర్ల లోపు ఉందో, అంతకంటే దూరంలో ఉందో నమోదు చేసింది గాని నీళ్ళు వచ్చే గంటల లెక్క అడగలేదు. 2018 జులై నుంచి డిసెంబరు వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ఇంకొంత లోతుగా వెళ్ళింది, అయితే దాని నమూనా ఒక బస్తీ గురించి మాట్లాడటానికి సరిపోదు. వార్డు సగటును నమ్ముకోవడం మరీ ప్రమాదం. ఒకే వార్డులో సంపులూ ఓవర్‌హెడ్ ట్యాంకులూ ఉన్న అపార్టుమెంట్లు, డ్రమ్ముల్లో నీళ్ళు దాచుకునే ఒంటిగది ఇళ్ళు కలిసి ఉన్నప్పుడు వచ్చే సగటు ఆ రెండింటిలో ఏ ఇంటి అనుభవాన్నీ చెప్పదు.

క్షేత్రానికి వెళ్ళేముందు పైపు చరిత్ర చదవాలి. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు కట్టిన జలాశయాల్లో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ తరవాత నగరం మంజీరా నదికి, దాని మీది సింగూరు జలాశయానికి, 2004లో కృష్ణకు, 2015లో గోదావరికి చేయి చాచింది. కృష్ణ, గోదావరి నీళ్ళు నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, పంపుల మీద పైకెక్కి వస్తున్నాయి. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు నగరంతో కలిసి మహానగర పాలక సంస్థ ఏర్పడింది గాని, బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతుకుతున్న శివారు కాలనీలకు పైపులైన్లు చేరడానికి ఆపైన ఏళ్ళు పట్టింది. మీరు ఎంచుకున్న బస్తీకి లైను ఏ దశలో, ఏ పథకం కింద వచ్చిందో తెలియకుండా ఇవాళ అక్కడి నీటి ఎద్దడికి కారణం చెప్పలేరు. సింగూరు నీళ్ళపై నగరానికీ మెదక్, నిజామాబాద్ రైతులకూ నడిచిన వివాదాన్ని, వాడేసిన నీరు మూసీలో కలిశాక దిగువన దానితోనే పశుగ్రాసం పండిస్తున్న రైతులను కూడా ఒక అధ్యాయంలోనైనా తలచుకోవాలి. నగరం లోపలి అసమానతను మాత్రమే చూసి, నగరానికీ దాని చుట్టూ ఉన్న పల్లెలకూ మధ్య ఉన్నదాన్ని వదిలేస్తే పరిశోధన సగంలోనే ఆగినట్టు.

స్థలాల ఎంపికలో అన్నిటికంటే జాగ్రత్త అవసరం. ఒకే రిజర్వాయరు నుంచి నీళ్ళందుకునే ఒక బస్తీని, ఒక కాలనీని జతగా తీసుకోవడం మంచిది, ఎందుకంటే అప్పుడు వనరు సమానమై పంపిణీలోని తేడా బయటపడుతుంది. అయితే హైదరాబాద్ గుట్టల మీద, రాళ్ళ మీద పరుచుకున్న ఊరు. ఎత్తున ఉన్న ఇంటికి ప్రెషర్ తగ్గడం భౌతిక సూత్రమే గనుక, ఎత్తు ప్రభావాన్ని విడదీయకుండా వివక్ష అని రాస్తే ఏ ఇంజినీరైనా మీ వాదనను ఒక్క మాటతో కొట్టిపారేయగలడు. ఇస్రో నడిపే భువన్ పోర్టల్‌లో దొరికే ఎత్తుల డేటాతో దాదాపు సమాన ఎత్తులో ఉన్న జతలను ఎంచుకోండి. ఆ డేటా బస్తీకీ బస్తీకీ మధ్య పోలికకు పనికొస్తుంది గాని గల్లీలోని రెండిళ్ళ మధ్య తేడా చెప్పేంత సూక్ష్మమైనది కాదు. ఇక పేదవారి ఇళ్ళు నిటారు గుట్ట మీదో నాలా (మురుగు కాలువ) ఒడ్డునో ఎందుకు వెలిశాయన్నది కూడా సామాజిక ప్రశ్నే కాబట్టి, ఎత్తును లెక్కలో విడదీసినా కథనంలో వదిలిపెట్టకూడదు.

కొలత విషయానికి వద్దాం. నీళ్ళు వదిలే రోజున ఇంటివాళ్ళ అనుమతితో నల్లా దగ్గర నిలబడి, లైన్‌మన్ వాల్వు తిప్పిన సమయం, మొదటి చుక్క పడిన సమయం, రంగు మారిన నీళ్ళను ఎంతసేపు పారబోశారు, ధార ఎప్పుడు సన్నగిల్లింది, ఎప్పుడు ఆగింది అన్నీ రాసుకోవాలి. ప్రెషర్ కొలవడానికి ఖరీదైన పరికరం లేకపోయినా పరవాలేదు, ఒక బకెట్టు, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. ఉదాహరణకు 15 లీటర్ల బకెట్టు నిండటానికి 3 నిమిషాలు పడితే నిమిషానికి 5 లీటర్లు, గంటసేపు వస్తే 300 లీటర్లు. నగరంలో చాలాచోట్ల మాదిరిగా రోజు విడిచి రోజు నీళ్ళొస్తే రోజుకు 150, అయిదుగురున్న ఇంట్లో మనిషికి 30 లీటర్లు. మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణాలకు కేంద్రం సూచించిన ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. అదే నల్లా మీద అయిదుగురేసి ఉన్న మూడు అద్దె కుటుంబాలు ఆధారపడి ఉంటే మనిషికి 10 లీటర్లే మిగులుతాయి. పక్కింటివాళ్ళు నల్లాకు నేరుగా మోటారు బిగించారేమో కూడా నమోదు చేయాలి, ఎందుకంటే ఒకరి మోటారు మరొకరి ధారను లాగేస్తుంది. వేసవిలో, వానాకాలంలో విడివిడిగా కొలవని అధ్యయనాన్ని నేను నమ్మను.

నాణ్యత పరీక్షలో క్లోరోస్కోపు అనే చిన్న కిట్టుతో మిగులు క్లోరిన్, అంటే శుద్ధి తరవాత నీళ్ళలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్ ఎంతో చూడవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మల కాలుష్యాన్ని పసిగట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైనప్పుడు లోపలి కాగితం నల్లబడుతుంది. నల్లబడ్డ సీసా అనుమానానికి ఆధారమే గాని తుది రుజువు కాదు, అదే చోటి నుంచి మళ్ళీ నమూనా తీసి ప్రయోగశాలలో ధ్రువపరచుకోవాలి. సరఫరా ఆగినప్పుడు పైపులో ప్రెషర్ పడిపోయి పక్కనున్న మురుగు పగుళ్ళలోంచి లోపలికి చొరబడుతుంది గనుక, పైపు ఎక్కడ నాలాను దాటుతోందో నడిచి చూడాలి. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్ళు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయిన సంగతి తెలిసినవారికి ఈ పని ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

మనుషులను అడిగేటప్పుడు కుటుంబ యజమానిని అడిగి వచ్చేయకండి. నీళ్ళు పట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. వేళగాని వేళ లేవడం, నీళ్ళొచ్చే రోజున కూలి పోగొట్టుకోవడం, బడి మానేసిన పిల్ల బిందెల దగ్గర కాపలా ఉండటం వాళ్ళు చెబితేనే తెలుస్తాయి. కులం, మతం గురించిన ప్రశ్నలు పరిచయం కుదిరాక, చివర్లో, ఎందుకు అడుగుతున్నారో వివరించి అడగాలి. అద్దెకున్నవారిని విడిగా నమోదు చేయాలి, ఎందుకంటే కనెక్షన్ ఇంటి యజమాని పేరున ఉంటుంది. 2021 జనవరిలో మొదలైన నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకంలో బస్తీ కనెక్షన్లకు మీటరు తప్పనిసరి కాదు. ఇది బస్తీవాసులకు మేలే, కానీ పరిశోధకుడి దృష్టితో చూస్తే మీటరు లేనిచోట ఎంత నీరు చేరుతోందో బిల్లుల ద్వారా తెలుసుకునే దారి మూసుకుపోతుంది. మీ బకెట్టు లెక్కకు అందుకే అంత విలువ.

కాగితాల కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో నగరానికి నీళ్ళిచ్చే జలమండలికి దరఖాస్తు పెట్టండి, సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఈ బస్తీకి నీళ్ళెందుకు తక్కువ" అని కారణాలు అడిగితే తిరస్కరిస్తారు. వాల్వు తిప్పే వేళల పట్టిక, ట్యాంకర్ల ట్రిప్పుల రిజిస్టరు, నాణ్యత పరీక్షల ఫలితాలు, ఫిర్యాదుల జాబితా అంటూ ఉన్న రికార్డునే పేరు పెట్టి, కాలపరిమితి చెప్పి అడగండి. కాగితంలో లేనిది లైన్‌మన్‌కు తెలుస్తుంది. అతని ఉద్యోగ భద్రత అంతంత మాత్రమే కావచ్చు, అతని పేరూ సెక్షనూ మీ థీసిస్‌లో ఎక్కడా కనబడకూడదు.

అనుమతి లేని కనెక్షన్లు, నల్లా మోటార్లు మీ కంటపడతాయి. వాటిని ఇంటి గుర్తుతో మ్యాపు మీద పెడితే మరునాడే ఆ కనెక్షన్ తెగిపోవచ్చు. అందువల్ల ప్రచురించే మ్యాపుల్లో గల్లీ స్థాయి కంటే సూక్ష్మమైన వివరం ఉంచకండి, ముడి డేటాను విడిగా భద్రపరచండి. విశ్లేషణలో సగటు ఒక్కటే ఇవ్వకుండా అతి తక్కువ నీళ్ళొచ్చిన రోజునూ, చిట్టచివరి ఇంటినీ చూపించండి. థీసిస్ సమర్పించే ముందు మీకు తేలిన సంగతులను తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక పేజీకి కుదించి బస్తీ పెద్దలకు, ముఖ్యంగా నీళ్ళు పట్టే ఆడవాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు తప్పు పట్టిన అంకెలను మళ్ళీ వెళ్ళి కొలవండి, సరిచేసిన పేజీని అర్జీతో జతచేసి వాడుకునేలా వాళ్ళ చేతికివ్వండి.