జీఎన్‌ఏఓ1 రిపోర్టు చేతికొచ్చాక: పర్లాకిమిడి, గుణుపురం వైపు అమ్మానాన్నలకు

బిడ్డకు మెడ నిలవదు, చేతులూ కాళ్లూ వాటంతటవే మెలికలు తిరుగుతాయి, ఒక్కోసారి ఫిట్స్. బరంపురం, విశాఖ తిరిగి తిరిగి చివరికి జన్యు పరీక్ష చేయిస్తే ‘జీఎన్‌ఏఓ1’ అని వస్తుంది, అంటే ఆ పేరున్న జన్యువులో మార్పు ఉందని. ఆ కాగితాల్లో ముందు మూడు మాటలు వెతకండి.

మొదటిది, మార్పు రాసిన వరుస. ‘సి.626జీ>ఏ, పీ.ఆర్గ్209హిస్’ అని ఉందనుకుందాం. జన్యువులో 626వ అక్షరం మారింది, దాంతో ప్రోటీన్‌లో 209వ చోట ఆర్జినిన్ పోయి హిస్టిడిన్ వచ్చింది. మూడక్షరాలకు ఒక అమైనో ఆమ్లం కాబట్టి 626ని 3తో భాగించి పై అంకెకు సరిచేస్తే 209 రావాలి. రాకపోతే ల్యాబ్‌ను అడగండి. 209, 246 చోట్ల మార్పు ఉన్న పిల్లలకు ఎక్కువగా కదలికల బాధ. 203లో అయితే ఫిట్స్ కూడా తోడవుతాయి.

రెండోది ‘పాథోజెనిక్’ (జబ్బుకు కారణమయ్యే మార్పు) అన్నారా, ‘వీయూఎస్’ అన్నారా. వీయూఎస్ అంటే ఆ మార్పు జబ్బుకు కారణమా కాదా ఇంకా తేలలేదని. తేలడానికి తల్లిదండ్రుల రక్తం కావాలి: ఒక్కొక్కరిది 2–3 మి.లీ., ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థం) ట్యూబులో. తీసిన వెంటనే ట్యూబును 8–10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, లేకపోతే గడ్డకడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, కణాలు పగిలిపోతాయి.

మూడోది ‘డీ నోవో’. ఇది ఉంటే మార్పు బిడ్డలోనే కొత్తగా పుట్టింది, అమ్మానాన్నల రక్తంలో లేదు. మన ఇళ్లల్లో మొదట వినిపించే మాట “మేనరికం చేసుకున్నారు, అందుకే” అని. అది ఈ జబ్బుకు వర్తించదు. ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు, దానికి రక్తసంబంధం అక్కర్లేదు. కోడలిని నిందించే ముందు ఇంటి పెద్దలకు ఈ ఒక్క పదం చూపించండి. తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ, కానీ సున్నా కాదు. గర్భం నిలవగానే జన్యు వైద్యుల సలహా తీసుకోండి.

ఈ జన్యువు తయారుచేసేది జీ-ఆల్ఫా-ఓ. మెదడులో ఇది చాలా విస్తారంగా ఉండే జీ ప్రోటీన్, నాడీకణం పొర లోపలివైపు కూర్చున్న స్విచ్. బయట డోపమైన్ లాంటి సందేశం మోసే రసాయనం తన గ్రాహకాన్ని తాకితే, లోపల ఈ ప్రోటీన్ జీడీపీ అనే చిన్న అణువును వదిలి జీటీపీ అనే దాన్ని పట్టుకుంటుంది, స్విచ్ పడుతుంది. దాంతో కాల్షియం దారులు మూసుకుని, పక్క కణానికి వెళ్లే సందేశం తగ్గుతుంది. తర్వాత జీటీపీని తనే తెంచుకుని ఆగిపోతుంది. 209లో తేడా వస్తే ఈ వేయడం, ఆర్పడం గతి తప్పుతుంది. పార్కిన్సన్స్‌లో స్విచ్ బాగానే ఉంటుంది, దాన్ని నొక్కే డోపమైన్ కణాలు చచ్చిపోతాయి. ఇక్కడ నొక్కే వేలు ఉంది, స్విచ్చే పాడు. అందుకే తాతగారి పార్కిన్సన్స్ మాత్రలు బిడ్డకు వేయొద్దు.

అసలు ప్రమాదం జ్వరంతో వస్తుంది. జ్వరం, మలబద్ధకం, మే నెల ఎండ, ఏడుపు ఇవన్నీ మెలికల దాడిని రేపుతాయి. జ్వరం మొదలవగానే పారాసిటమాల్, కిలోకు 15 మి.గ్రా. మించకుండా. 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా., అంటే ‘5 మి.లీ.లో 250’ సిరప్ 3 మి.లీ. ఇంట్లో ‘5 మి.లీ.లో 120’ సీసా కూడా ఉంటుంది, పొరపాటు అక్కడే జరుగుతుంది. ముందు లేబుల్ చదవండి, చెంచాతో కాదు సిరంజితో కొలవండి. ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు డోసులు మించొద్దు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తామంటే వద్దని చెప్పండి, మెలికలు పెరుగుతాయి.

దాడి వస్తే రెండు నిమిషాలు వీడియో తీయండి. కళ్లు మీవైపు తిప్పుతున్నాడా, పిలిస్తే తెలుస్తోందా అన్నది కనిపించాలి. ఫిట్సా, మెలికలా అన్నది డాక్టరు దాన్నిబట్టి అంచనా వేస్తారు, అవసరమైతే ఈఈజీతో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తేలుస్తారు. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే 108.

జన్యువు పేరు, బరువు, మందులు, వద్దన్న మందు ఒక అట్టమీద ఒడియాలో, ఇంగ్లీషులో రాసి సంచిలో ఉంచండి. రాత్రి డ్యూటీ నర్సుకు మన తెలుగు రాకపోవచ్చు. మెలికలు గంటల తరబడి ఆగకపోతే కండరం కరుగుతుంది. డయపర్‌లో మూత్రం టీ డికాక్షన్ రంగులో కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి, రక్తంలో సీపీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) పరీక్ష చేయమని అడగండి.