గడ్డకట్టిన నది మీద స్నోమెషిన్ (మంచు మీద నడిచే బండి) వేడెక్కకుండా చేసింది ఇదే (నా అనుభవం)

1984లో అలాస్కాలో మొదలైన ఐరన్ డాగ్ స్నోమెషిన్ రేసులో గడ్డకట్టిన యూకాన్ నది మీద చాలా దూరం వెళ్ళాలి. నేను రేసర్‌ని కాదు, ఫెయిర్‌బాంక్స్ దగ్గర తనానా నది మీద తిరుగుతాను. గాలికి మంచు కొట్టుకుపోయి అద్దంలా మిగిలిన గడ్డ మీద పది నిమిషాలకే టెంపరేచర్ లైటు వెలిగేది. కూలెంట్, థర్మోస్టాట్ మార్చినా, నెమ్మదిగా నడిపినా లాభం లేకపోయింది.

అసలు కారణం, ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా) ఎగజిమ్మే మంచు పొడే దాని పైనున్న కూలర్‌ని చల్లబరుస్తుంది. ఉత్త గడ్డ మీద ఆ పొడి ఎక్కడిది?

ఐస్ స్క్రాచర్లు (గడ్డని గీకి పొడి లేపే లోహపు మొనలు) బిగించాను. బండి వెనక భాగం ఎత్తి, స్కిడ్ రెయిళ్ళకు (ట్రాక్ లోపల దానికి ఆనుకుని ఉండే కడ్డీలు) రెండు వైపులా రంధ్రాలు వేసి, లాక్ నట్లతో గట్టిగా బిగించాను. మొనలు వెనక్కి చూడాలి. తర్వాత ట్రాక్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాను. ఈ పని మాత్రం వదలకండి.

నది మీదికి దిగి వెనక్కి చూస్తే తెల్లటి పొడి సన్నగా లేస్తోంది. గంటసేపు నడిపినా లైటు వెలగలేదు, స్లైడర్లు (రెయిళ్ళ అడుగున ఉండే ప్లాస్టిక్ పట్టీలు) కాలే వాసనా పోయింది.

నాది లిక్విడ్ కూల్డ్ బండి. ఫ్యాన్ కూల్డ్ వాటికి ఇది పనిచేస్తుందని చెప్పలేను. రివర్స్ వేసే ముందు స్క్రాచర్లు పైకి తగిలించుకోండి, నావి ఒకసారి వంగిపోయాయి.