లంక ఊరిని ఖాళీ చేయించే లెక్క: గేజీ, పటం, ఇంటింటి జాబితా

కోనసీమ లంకల్లో, అంటే గోదావరి పాయల మధ్య దిబ్బల మీది ఊళ్లలో, వరద ఇంట్లోకి రాకముందే దారి మునుగుతుంది. అందుకే పటం ముందు కూర్చున్నప్పుడు ఊరు ఎప్పుడు మునుగుతుందని కాకుండా, కాజ్‌వే (ఊరికి వచ్చే పల్లపు దారి) ఎప్పుడు మునుగుతుందని వెతకండి. ఉన్న గడువు అంతవరకే, ఆ తర్వాత పడవే దిక్కు. పంచాయతీ కుర్రాళ్లు నలుగురు, సచివాలయం నుంచి ఒకరు, ఒక లాప్‌టాప్ ఉంటే వారంలో తేలే పని ఇది. ఎర్రనీరు (తొలి వరద నీరు) రాకముందే ముగించాలి.

ముందు గేజీ, అంటే నదిలో నీటిమట్టం చూపే కొలబద్ద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహంలో ఇవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షలు. ఇవన్నీ బ్యారేజీ అంకెలు. మీ ఊళ్లో 13.75 అంటే ఏమిటో మీరే రాసుకోవాలి. ఒక నోటుపుస్తకంలో రెండు గడులు గీయండి. ఎడమవైపు గేజీ అడుగులు, కుడివైపు ఆ మట్టానికి ఏది మునిగిందో: రేవు మెట్లు, కాజ్‌వే, పల్లపు వీధి, బడి అరుగు.

సమాచారం ఊళ్లోనే ఉంది. గోడల మీద నీటిచారలు సున్నం కింద పోయినా, ఎంతవరకు వచ్చిందో ఇంటివాళ్లు చేత్తో చూపిస్తారు. నేల నుంచి టేపుతో కొలవండి. ఫోన్లలో తీసిన వరద ఫొటోలు ఇంకా మేలు, తీసిన తేదీ, గంట వాటి వివరాల్లో ఉంటాయి. ఆ గంటకు ధవళేశ్వరంలో ఎన్ని అడుగులున్నాయో పాత బులెటిన్లలో చూసి జతచేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో ఈ పని జరగదు, తీసిన సమయం అందులో చెరిగిపోతుంది. తీసినవాళ్ల ఫోన్‌లోనే చూడాలి. పది ఫొటోలు కుదిరితే, బ్యారేజీ నుంచి మీ రేవుకు నీరు చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా తేలుతుంది. ఎగువనున్న భద్రాచలం హెచ్చరికలు (43, 48, 53 అడుగులు) ఇంకా ముందే అందుతాయి గానీ, వాటినే నమ్ముకోకూడదు. శబరి నది గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన. అక్కడ గేజీ తగ్గుతున్నా కింద పెరుగుతూనే ఉండవచ్చు.

ఇక పటం. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. దాంట్లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటం వేసుకుని ఇళ్లు, రేవులు, ఏటిగట్టు, కాజ్‌వే గీయండి. దూరాలు మీటర్లలో రావాలంటే ప్రాజెక్టునూ, గీసిన పొరల్నీ (లేయర్లనూ) ఈపీఎస్‌జీ 32644 అనే కొలమానంలో పెట్టండి, కోనసీమ ఆ జోన్‌లోకే వస్తుంది. పెట్టకపోతే దూరాలు డిగ్రీల్లో లెక్కపడి, 500 మీటర్ల వలయం అడిగితే ప్రపంచమంతా చుట్టేస్తుంది.

చాలామంది బోల్తా పడేది ఎత్తుల దగ్గర. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల పటం ఎస్ఆర్‌టీఎం చాలావరకు చెట్ల తలలనే నేలగా చూపిస్తుంది. కొబ్బరితోట ఉన్న పల్లం అందులో మెరకలా కనిపిస్తుంది. కోనసీమలో తోట లేని చోటేది? పైగా ఇక్కడ మెరకకీ పల్లానికీ తేడా ఒకటి రెండు మీటర్లే, ఆ పటంలో తప్పు అంతకన్నా ఎక్కువ. అది పాయల పోకడ చూడటానికి పనికొస్తుంది, ఏ వీధి ముందు మునుగుతుందో తేల్చడానికి పనికిరాదు. దానికి మీ టేపు కొలతలే ఆధారం.

సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్ చిత్రాలు మబ్బుల్లోనూ నీటిని చూస్తాయి, కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచితం. వాటికీ తోటల కింద నీరు సరిగా ఆనదు. 2021 డిసెంబరులో ఆ జంట ఉపగ్రహాల్లో ఒకటి పాడైంది, కాబట్టి 2022 వరదకు ఒక్కో చోటికి చిత్రాలు తక్కువ. ముంపు పతాక స్థాయిలో ఉన్న రోజు చిత్రం లేకపోవచ్చు. చిత్రంలో పొడిగా ఉందని ఒక వీధిని సురక్షితమని రాసేయకండి.

జనాభా దగ్గర గుంతలు ఇంకా లోతు. చేతిలో ఉన్న ఊరివారీ జనగణన 2011 నాటిది. కోనసీమ జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో, కాబట్టి ఆ పట్టికల్లో మీ ఊరిని తూర్పు గోదావరి కింద వెతకాలి. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానిది. లంకలో ఉన్న శివారు జనం గట్టు మీదున్న గ్రామం ఖాతాలో కలిసిపోయి ఉంటే, పటంలో వాళ్లంతా సురక్షితంగా ఒడ్డున ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే జనగణనను ఇల్లిల్లూ తిరిగిన లెక్కతో సరిచూడండి. రైస్ కార్డుల్లో పేరున్నవాళ్లు గల్ఫ్‌లో ఉండవచ్చు, ఇంట్లో మిగిలింది ముసలివాళ్లే కావచ్చు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే బయటి కూలీలు ఏ కార్డులోనూ ఉండరు. పింఛను జాబితాలో వృద్ధులు, దివ్యాంగులు, డయాలసిస్ రోగులు దొరుకుతారు. నెలలు నిండిన గర్భిణులు ఆశా కార్యకర్తకు తెలుసు. పటం మీద వీధికి ఎంతమందో అంకె మాత్రం రాయండి. పేర్లున్న కాగితం ఇద్దరి దగ్గరే ఉండాలి, గ్రూపుల్లో తిప్పకూడదు.

ఇప్పుడు వెనక నుంచి లెక్క. ఊళ్లో 1,200 మంది అనుకుందాం. పడవకు 20 మంది, ఎక్కించి దించి తిరిగి రావడానికి 40 నిమిషాలు. వెలుతురు 10 గంటలైతే 15 ట్రిప్పులు, అంటే పడవకు 300 మంది. నాలుగు పడవలుంటే ఒక పగలు చాలుతుంది, రెండే ఉంటే రెండు పగళ్లు. వరద ఉరవడిలో రాత్రి పడవ నడపకూడదు, ఆ గంటలు కలుపుకోవద్దు. కాజ్‌వే మునిగే మట్టానికి అడుగు ముందే వృద్ధుల్నీ గర్భిణుల్నీ ట్రాక్టరు మీద దాటించేస్తే పడవల లెక్క సగం తేలికవుతుంది.

పునరావాస కేంద్రంలో మనిషికి 3.5 చదరపు మీటర్లు అంతర్జాతీయంగా పాటించే కొలత. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న తరగతి గది 37 చదరపు మీటర్లు, పట్టేది పది మందే. నలభై మంది పిల్లలు కూర్చునే గది కదా అని నలభై మందిని రాస్తే మూడో రోజుకు జనం లంకకు తిరిగిపోతారు. నీళ్లు మనిషికి రోజుకు 15 లీటర్లు, 300 మందికి 4,500, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి. మరుగుదొడ్లు మొదటి రోజుల్లో 50 మందికి ఒకటి, తర్వాత 20 మందికి ఒకటి.

గేదెల్ని లెక్కలో వేయకపోతే మనుషులు కదలరు. ఇంటింటి జాబితాలో పశువులకు ఒక గడి ఉంచి, ఏటిగట్టు మీద వాటిని కట్టే చోటు, గడ్డి తెచ్చే దారి పటంలో గుర్తించండి.

ఒడ్డు కోసుకుపోతూ ఊరే శాశ్వతంగా కదలాల్సి వస్తే, గూగుల్ ఎర్త్ పాత చిత్రాల్లో ఒడ్డు గీత ఏడాదికొకటి గీసి, ఇంటికీ ఏటికీ మధ్య ఎంత మిగిలిందో కొలవండి. కొత్త కాలనీకి చూపిన స్థలాన్నీ అదే నోటుపుస్తకంతో సరిచూడండి. ఖాళీగా, చవగ్గా మిగిలిన భూమి తరచూ పల్లమే.

ఇదంతా వరదకే. తుపాను ఉప్పెన సముద్రం వైపు నుంచి వస్తుంది, దానికి పటం వేరే గీయాలి.

చివరి పటాన్ని ఏ3 కాగితం మీద అచ్చు వేయించి లామినేషన్ చేయించండి. సచివాలయంలో ఒకటి, రేవు దగ్గర ఒకటి, పడవ నడిపేవాళ్ల దగ్గర ఒకటి. కరెంటు పోయాక లాప్‌టాప్ తెరుచుకోదు. జాబితాను ఏటా మే నెలలో తిరగరాయండి.