ఒక్క నంబర్ కోసం కాంటాక్ట్స్ అన్నీ అడగొద్దు
నల్గొండ బత్తాయి రైతుల కోసం చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేస్తున్నప్పుడు తెలిసిన సంగతి ఇది. వ్యాపారి నంబర్ ఎంచుకునే చోట కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగితే, ఒక పెద్దాయన భయపడి ఫోన్ పక్కన పెట్టేశారు. లోన్ యాప్‌ల గోల విన్నవాళ్లు కదా, ఆ భయం న్యాయమే. అసలు ఆ పర్మిషనే అక్కర్లేదు. ‘యాక్షన్ పిక్’ ఇంటెంట్‌కు (అంటే ఒకటి ఎంచుకోనివ్వమని వేరే యాప్‌ను అడిగే సందేశానికి) ఫోన్ కంటెంట్ టైప్ ఇవ్వండి, కావాల్సింది ఫోన్ నంబర్ అని చెప్పేది అదే. ఫోన్‌లోని కాంటాక్ట్స్ యాప్ తెరుచుకుంటుంది. వాళ్లు నొక్కిన ఒక్క నంబర్‌నే మన యాప్ చదవగలదు, అదీ తాత్కాలికంగా. అందులో ఖాళీలు, ముందు సున్నా, ప్లస్ 91 ఉండొచ్చు, అంకెలే ఉంచి చివరి 10 తీసుకోండి. స్క్రీన్ మీద పేరుతో పాటు నంబర్ కూడా చూపించండి. మా దిక్కు ఒక్కో ఫోన్‌లో నలుగురు యాదగిరిలు ఉంటారు.