క్రూయిజ్ రూట్లలో ఏది మంచిదో పోర్టులను బట్టి తేల్చుకోవడం ఎలా?

మెడిటరేనియన్ క్రూయిజ్‌కి వెళ్దామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఓడ గురించి. ఎన్ని అంతస్తులు, పిల్లలకు వాటర్ స్లయిడ్లు ఉన్నాయా, బాల్కనీ గదికి ఎంత ఎక్కువ అని. పోర్టుల గురించి అడిగేవాళ్లు తక్కువ. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ అని పేర్లు కనిపిస్తే చాలు, డబ్బు కట్టేస్తారు. తీరా వెళ్లాక ఆ ఊళ్లను బస్సు కిటికీలోంచి చూసి వస్తారు. ఓడ ఏదైనా బఫే, ఈతకొలను ఉంటాయి. మీ వారం రోజులు ఎలా గడుస్తాయో తేల్చేది పోర్టుల వరుసే. కాబట్టి ముందు రూటు, ఆ తర్వాతే ఓడ.

కావలసినవి ఒక కాగితం, ఫోన్‌లో మ్యాపు, రెండు రూట్ల పూర్తి షెడ్యూళ్లు. షెడ్యూలులో ప్రతి పోర్టుకీ ఓడ వచ్చే టైము, వెళ్లే టైము ఉండాలి. ఆ టైములు ఇవ్వని ఏజెంటు దగ్గర బుక్ చేయకండి.

ముందు మీకేం కావాలో అనుకోండి

పశ్చిమ రూటు అంటే బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్ లాంటి పెద్ద ఊళ్లు. తూర్పు రూటు అంటే ఏథెన్స్, శాంటోరిని, మికోనోస్, టర్కీలో కుశాదాసి. అంటే దీవులు, పురాతన శిథిలాలు. మ్యూజియాలు, చర్చిలు ఇష్టమైతే పశ్చిమం. సముద్రం, ఎండ ఇష్టమైతే తూర్పు. దీని మీద ఐదు నిమిషాలకు మించి ఆలోచించక్కర్లేదు.

ఎక్కే ఊరిని కొట్టేయండి

ఓడ ఎక్కే ఊరు, దిగే ఊరు పోర్టుల లెక్కలోకి రావు. ప్రకటనలో ‘7 రోజులు, 7 నగరాలు’ అంటారు కానీ ఎక్కే రోజు సామాన్లతోనే సరిపోతుంది. ఓడ ఎక్కడానికి ఒక రోజు ముందే ఆ ఊరు చేరాలి. ఫ్లైట్ దిగిన రోజే ఓడ ఎక్కే ప్లాను ఎవరు చెప్పినా వినకండి, విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

ప్రతి పోర్టులో నిజంగా ఎన్ని గంటలు దొరుకుతాయో లెక్క కట్టండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇది చదివేటప్పుడు కాగితం పక్కనే పెట్టుకోండి.

షెడ్యూలులో ‘రోమ్’ అని ఉన్నా ఓడ రోమ్‌కి వెళ్లదు. చివితావెక్కియా అనే రేవులో ఆగుతుంది. అక్కడి నుంచి రోమ్ దాదాపు 75 కిలోమీటర్లు. ‘ఫ్లోరెన్స్’ అంటే లివోర్నో రేవు, దాదాపు 90 కిలోమీటర్లు. ‘వెనిస్’ అయితే ఇంకా జాగ్రత్త. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను వెనిస్ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు, చాలా ఓడలు రావెన్నాలోనో త్రియెస్తేలోనో ఆగుతున్నాయి. రెండూ వెనిస్‌కి వంద కిలోమీటర్ల పైమాటే. అందుకే రేవు అసలు పేరు కనుక్కుని మ్యాపులో దూరం చూడండి.

ఇప్పుడు లెక్క. ఓడ ఆగే గంటల్లోంచి ముందుగా రెండున్నర గంటలు తీసేయండి. ఓడ రేవుకి చేరగానే దిగనివ్వరు, అనుమతులు రావాలి, క్యూ కదలాలి. అక్కడ ఒక గంట పోతుంది. వెళ్లే టైముకి అరగంట నుంచి గంట ముందే అందరూ ఓడలో ఉండాలి, దానికి తోడు మన జాగ్రత్త కోసం మరికొంత. అక్కడ గంటన్నర. తర్వాత రానూపోనూ ప్రయాణం తీసేయండి. రైల్లో కూర్చున్న టైము ఒక్కటే కాదు, రేవు నుంచి స్టేషన్‌కి వెళ్లడం, టికెట్, ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపు అన్నీ కలపాలి.

ఓడ చివితావెక్కియాలో ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు ఉందనుకోండి. 12 గంటలు. రెండున్నర తీస్తే తొమ్మిదిన్నర. రేవులో షటిల్ బస్సు, స్టేషన్, అక్కడి నుంచి వాటికన్ దగ్గరి సాన్ పియెత్రో స్టేషన్ వరకు రైలు, కలిపి పోను ఒక గంటా ముప్పావు, రాను అంతే. మిగిలింది ఆరు గంటలు, భోజనంతో సహా. వాటికన్ మ్యూజియం, సెయింట్ పీటర్స్ చర్చి చూస్తే రోజు అయిపోతుంది. లేదా కొలోసియం చూడాలి. రెండూ కుదరవు.

అదే నేపుల్స్‌లో ఓడ 11 గంటలే ఉన్నా ఎక్కువ దక్కుతుంది. అక్కడ రేవు ఊళ్లోనే ఉంది, ఎదురుగానే కోట. లోకల్ రైలెక్కితే దాదాపు 40 నిమిషాల్లో పురాతన శిథిలాల ఊరు పాంపే. అన్నీ తీసేసినా ఆరున్నర గంటలు మిగులుతాయి. శిథిలాల్లో మూడు గంటలు తిరిగి, నేపుల్స్‌కి వచ్చి పిజ్జా తిని, నింపాదిగా ఓడెక్కొచ్చు.

లెక్కలో ఐదు గంటలకన్నా తక్కువ మిగిలితే ఆ ఊరిని కాగితం మీద కొట్టేయండి. లివోర్నోలో ఓడ 10 గంటలు ఆగితే ఫ్లోరెన్స్‌కి మిగిలేది నాలుగే. దాన్ని 25 కిలోమీటర్ల లోపే ఉన్న పీసా కింద లెక్కేసుకోండి.

పనిలో పనిగా ఓడ ఆగేది సోమవారమా, ఆదివారమా అన్నది కూడా చూడండి. మా బంధువులు ఒక కుటుంబం ఫ్లోరెన్స్ కోసమే ఒక ప్యాకేజీ కొన్నారు. వాళ్ల ఓడ వచ్చింది సోమవారం. ఉఫీజి మ్యూజియానికీ, డేవిడ్ శిల్పం ఉన్న అకాదెమియాకీ సోమవారం సెలవు. చౌరస్తాలో ఉన్న డేవిడ్ నకలు ముందు ఫోటో దిగి తిరిగొచ్చారు. టికెట్ అమ్మినాయన ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే సోమవారం కాకుండా వేరే రోజు అక్కడికి చేరే ఓడ తీసుకునేవాళ్లు. వాటికన్ మ్యూజియానికి కూడా నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు సెలవే.

ఎక్కువ పోర్టులుంటే గిట్టుబాటు అనే లెక్క తప్పు. కొట్టేయగా మిగిలిన గంటలన్నీ కూడి, రెండు రూట్లనూ పోల్చండి. మాల్టాలో వలెట్టా, క్రొయేషియాలో దుబ్రోవ్నిక్, మాంటెనెగ్రోలో కొటోర్ లాంటివి ప్రకటనల్లో పెద్దగా మెరవవు కానీ ఊరు రేవుకి దగ్గర్లోనే ఉండటంతో ఈ లెక్కలో ముందుకొస్తాయి. వలెట్టాలో దిగి లిఫ్టెక్కితే ఊరి పైభాగానికి చేరతారు.

టెండర్ పోర్టులను గుర్తించండి

కొన్నిచోట్ల ఓడ ఒడ్డుకు రాదు. నీళ్లలో లంగరు వేసి, చిన్న బోట్లలో దింపుతారు. వీటిని టెండర్ బోట్లంటారు. గాలి ఎక్కువైతే ఆ పోర్టునే రద్దు చేస్తారు, రేవు పన్ను తప్ప డబ్బు వెనక్కి రాదు. శాంటోరిని ఇలాంటిదే. బోటు దిగాక పైన ఉన్న ఫిరా ఊరికి కేబుల్ కారెక్కాలి, లేదా దాదాపు 600 మెట్లెక్కాలి. నాలుగైదు ఓడలు ఒకేరోజు వస్తే సాయంత్రం దిగేటప్పుడు కేబుల్ కారు క్యూ ఊరి సందుల్లోకి పాకుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తుంటే ఒక రూటులో ఒకటికి మించి టెండర్ పోర్టు ఉండకూడదు. ఆ రోజు ఇంకెన్ని ఓడలు వస్తున్నాయో ఇంటర్నెట్‌లో పోర్టు క్యాలెండర్లు చూపిస్తాయి. మీరు ఒక్క శాంటోరిని కోసమే వెళ్తున్నట్టయితే క్రూయిజ్ మానేసి ఆ దీవిలో రెండు రాత్రులు ఉండండి.

వీసా చూసుకోకుండా అడ్వాన్సు కట్టకండి

తూర్పు రూటులో గ్రీసు నుంచి టర్కీకో మాంటెనెగ్రోకో వెళ్తే షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) దాటినట్టే. తిరిగి గ్రీసులోకో ఇటలీలోకో రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉండాలి, సింగిల్ ఎంట్రీ పనికిరాదు. క్రొయేషియా 2023 జనవరిలో షెంజెన్‌లో చేరింది కాబట్టి దుబ్రోవ్నిక్‌తో ఆ ఇబ్బంది లేదు. ఏ దేశానికి అప్లై చేయాలన్నది ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో దాన్ని బట్టి ఉంటుంది, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. ఇండియన్ పాస్‌పోర్టుకు ఒక్కో పోర్టులో ఏం కావాలో ఓడ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసుకోండి. అది చేతికొచ్చాకే కార్డు బయటికి తీయండి.