కాస్టిక్ సోడా క్లీనర్ చర్మానికి, కంటికి ఎంత ప్రమాదమో తేల్చే పద్ధతి

యంత్రాల మీది జిడ్డు వదిలించే ఒక క్లీనర్‌లో కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, 4 శాతం ఉందనుకుందాం. దాని లేబుల్ మీద చర్మాన్ని తినివేస్తుందని రాయాలా, మంట పుట్టిస్తుందని రాస్తే సరిపోతుందా అన్నది తేల్చాలి.

మిశ్రమాల విషయంలో చాలామంది ముందుగా చూసేది రసాయనాల ప్రమాదాన్ని వర్గీకరించే ఐక్యరాజ్యసమితి పద్ధతి అయిన జీహెచ్ఎస్‌లోని సాధారణ పట్టిక. తినివేసే పదార్థాలన్నీ కలిపి 5 శాతం, ఆపైన ఉంటే మిశ్రమం కూడా తినివేసేదేననీ, 1 నుంచి 5 శాతం లోపు ఉంటే చికాకు కలిగించేది మాత్రమేననీ అందులో ఉంటుంది. ఆ లెక్కన మన క్లీనర్ చిన్న వర్గంలోకి జారిపోతుంది, కానీ ఆ లెక్క ఇక్కడ చెల్లదు. బలమైన ఆమ్లాలకూ క్షారాలకూ ఆ కూడిక పద్ధతి వర్తించదని అదే జీహెచ్ఎస్ చెబుతోంది, పీహెచ్ 11.5 లేదా అంతకు మించిన క్షారం 1 శాతం ఉన్నా మిశ్రమాన్ని తినివేసేదిగానే పరిగణించాలి. పైగా యూరోపియన్ యూనియన్ సోడియం హైడ్రాక్సైడ్‌కు ప్రత్యేక హద్దులు పెట్టింది: 5 శాతం, ఆపైన 1ఏ (అత్యంత తీవ్రంగా తినివేసే వర్గం), 2 నుంచి 5 లోపు 1బీ (దాని తర్వాతి తినివేత వర్గం), 0.5 నుంచి 2 లోపు చికాకు వర్గం. ప్రత్యేక హద్దు ఉన్నచోట సాధారణ హద్దును పక్కన పెట్టాలి కాబట్టి మన క్లీనర్ 1బీ అవుతుంది.

ఇలాంటి హద్దులు లేని పదార్థం చేతికొచ్చినప్పుడు పీహెచ్‌తో మొదలుపెట్టండి. 2 లేదా అంతకు తక్కువ, 11.5 లేదా అంతకు ఎక్కువ ఉంటే అనుమానం బలపడుతుంది. అయితే పీహెచ్ ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకూడదు. లీటరు నీటిలో 0.13 గ్రాముల కాస్టిక్ కలిపినా పీహెచ్ 11.5 దాకా చేరుతుంది, కానీ అందులో చర్మాన్ని కాల్చేంత సరుకు ఉండదు. అందుకే టైట్రేషన్ చేసి, అంటే తెలిసిన గాఢత గల ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, క్షార నిల్వను, అంటే తటస్థం కావడానికి ఎంత ఆమ్లం పడుతుందో, కొలవాలి.

నిల్వ తక్కువగా ఉండి, తినివేయదేమో అనిపిస్తే, దాన్ని పరీక్షతో నిర్ధారించుకోవాలి. కుందేళ్ల మీద ప్రయోగాల జోలికి వెళ్లకుండానే ఇది సాధ్యం. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రూపొందించిన 431వ నంబరు పరీక్షలో ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పైపొరకు రసాయనాన్ని పూసి, కడిగి, ఎంటీటీ అనే పసుపు లవణంలో ఉంచుతారు. బతికున్న కణాలు దాన్ని నీలివంగ రంగులోకి మారుస్తాయి. ఎపిడెర్మ్ అనే చర్మ నమూనాలో 3 నిమిషాలకే బతికున్న కణాల శాతం 50 కన్నా తగ్గినా, 60 నిమిషాలకు 15 కన్నా తగ్గినా ఆ పదార్థం తినివేసేదే. రసాయనానికే గాఢమైన రంగు ఉంటే, లేదా అదే ఎంటీటీని మార్చేస్తుంటే, చచ్చిన కణాలు బతికున్నట్టు కనబడతాయి గనుక పోల్చి చూసేందుకు విడిగా కంట్రోల్ నమూనా పెట్టకుండా ఫలితాన్ని నమ్మవద్దు.

ఇక కన్ను. చర్మాన్ని తినివేస్తుందని తేలిన పదార్థం కంటికి తీవ్ర హాని చేసేదిగానే లెక్క కాబట్టి మళ్లీ పరీక్ష అవసరం లేదు. ఆమ్లం కణజాలంలోని ప్రొటీన్లను గడ్డకట్టించి, తన దారికి తానే కొంత అడ్డుపడుతుంది. క్షారం కొవ్వును సబ్బుగా మార్చి కరిగిస్తూ కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) లోపలికి దిగిపోతుంది. చర్మాన్ని తినివేయని పదార్థాలకు మాత్రం ఓఈసీడీ 437 పరీక్ష ఉంది. కబేళా నుంచి తెచ్చిన పశువుల కార్నియా ఎంత మసకబారిందో, ఫ్లోరెసీన్ రంగును ఎంత లోపలికి పోనిచ్చిందో కొలిచి, రెండింటినీ కలిపిన అంకె 55 దాటితే తీవ్ర హాని వర్గంలో పెడతారు, 3 లోపుంటే ఏ వర్గమూ అక్కర్లేదు.

రసాయనంతో పాటు ఇచ్చే భద్రతా వివరాల పత్రమైన సేఫ్టీ డేటా షీట్‌లో నిర్ణయంతో పాటు దాని ఆధారాన్నీ, అది పరీక్షా, ప్రత్యేక హద్దా, పీహెచ్ నియమమా అన్నదీ, రాయండి. మన క్లీనర్‌కు తినివేత బొమ్మ, ‘ప్రమాదం’ అనే సంకేత పదం, చర్మానికి తీవ్రమైన కాలిన గాయాలు, కంటికి హాని కలుగుతాయని చెప్పే హెచ్314 వాక్యం వస్తాయి. ఆ వాక్యంలోనే కంటి హాని కూడా ఉంది కనుక లేబుల్ మీద కంటికి తీవ్ర హాని అని చెప్పే హెచ్318 వాక్యాన్ని విడిగా వేయకపోయినా తప్పులేదు, షీట్‌లోని వర్గీకరణ భాగంలో మాత్రం రెండూ ఉండాలి.